పెట్టెలో పట్టని మిణుగురు

బోర్డు వెనక్కిమ్మని రెంగ్గానిస్ అడగ్గానే అబా సోబర్నా లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాడు. ఆమె సిగరెట్ పెట్టె వస్తుందనుకుంది.

లవంగం సిగరెట్ల ఖాళీ పెట్టెలో ఇమిడిపోవడమే ఆ బోర్డు గొప్పతనం. ఒక్క పలక మీద మొత్తం కంప్యూటర్. ఫోన్ చార్జర్ తగిలిస్తే చాలు, టీవీ తెర మీద బొమ్మ చూపిస్తుంది, బాతుగుడ్లు పొదిగే పెట్టెను నడుపుతుంది, నది పొంగితే సైరన్ మోగిస్తుంది. మా సుందా మాటలో మిణుగురును చికచిక అంటారు, ఆ పేరే పెట్టింది దానికి. ఉద్యోగం మానేసి రెండేళ్ళు దాని వెంటే పడింది. మూడు వందల బోర్డులు తయారై వచ్చి ఆమె ఇంటి ముందు గదిలో కిటికీ ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆదివారం నాడు పేట హాల్లో సంఘం ముందు విడుదల. ఎలక్ట్రానిక్ సామాన్లు అతికేవాళ్ళ బాండుంగ్ సోల్డర్ సంఘం భేష్ అందంటే పక్క ఊళ్ళు గారుత్ వాళ్ళూ తాసిక్ వాళ్ళూ కళ్ళు మూసుకుని తీసుకుంటారు, బడులు తీసుకుంటాయి. సంఘం పెదవి విరిచిందా, ఆ మూడు వందలూ ఆ గదిలోనే దుమ్ము కొట్టుకుపోతాయి, వాటితోపాటు ఆమె పేరూ.

సంఘం ఆనవాయితీ ప్రకారం ఐదుగురు సభ్యులకు ముందుగా ఐదు నమూనాలు ఇచ్చింది. వాటిని విడుదల రోజున బల్ల మీద వరసగా పెట్టాలని గురువారం మధ్యాహ్నం గొడుగు వేసుకుని వసూలుకు బయల్దేరింది. మొదటి ఇల్లు అబాది. సంఘానికి పెద్ద, ఒకప్పుడు ఊళ్ళోని రేడియోలన్నీ బాగుచేసినవాడు, అందరికీ తండ్రి వరస. ఆమెను నెంగ్ అంటాడు, అమ్మాయీ అని.

"డబ్బాలో పెట్టారేం అబా? సిగరెట్ పెట్టె దొరకలేదా?"

"పొగ మానేశాను గదా నెంగ్," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. చొక్కా జేబులోంచి సిగరెట్ పెట్టె అంచు కనిపిస్తూనే ఉంది.

మూత తీసి బోర్డును వెనక్కి తిప్పింది. అడుగున బొటనవేలంత కెపాసిటర్, కరెంటు కుంగితే క్షణం సేపు ఆదుకునేది, ఒకటి అతికించి ఉంది. కాళ్ళు చక్కగా వంచి, కదలకుండా జిగురు చుక్క పెట్టి, చూడముచ్చటైన అతుకు. అది ఆమె పెట్టింది కాదు.

"ఇదేంటి అబా?"

"అదా? మా ఇంటి కరెంటు మంచిది కాదులే. చార్జరూ ముసలిదైపోయింది, నాలాగే. నీ బోర్డు బంగారం నెంగ్. తప్పంతా మా ఇంటిది."

"ఆగిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలయ్యేదా?"

పెద్దాయన వేయించిన కర్రపెండలం పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "వేడిగా ఉన్నాయి, తిను."

"అబా."

ఆయన వసారా చూరు నుంచి కారుతున్న వాన వంక చూశాడు. "అప్పుడప్పుడు," అన్నాడు చివరికి.

రెంగ్గానిస్ కర్రపెండలం ముక్క తీసుకుంది. తీసుకోకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. ఆ చోట ఆమె మొదట గీసుకున్న నక్షాలో ఇలాంటి పెద్దదే ఉండేది. నిలువుగా నిలబడి పెట్టె మూత పడనివ్వడం లేదని తనే తీసేసి చిన్నది పెట్టింది. తన బల్ల మీది మంచి చార్జర్‌తో ఎన్నిసార్లు చూసినా బాగానే నడిచింది.

ఆమె కాంగ్, అంటే అన్న, అని పిలిచే చెచెప్ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో ఇంకో నమూనా ఉంది. ఆమె రాగానే అతను స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు, బోర్డును ఆకాశానికెత్తాడు. ఆమె దాన్ని వెనక్కి తిప్పింది. అక్కడా ఉంది, పడుకోబెట్టి, పైన నల్ల టేపు చుట్టి.

"కాంగ్, మరి నాకు చెప్పలేదేం?"

చెచెప్ మెడ గోక్కున్నాడు. అతనికి ఆమె తెహ్, అంటే అక్క వరస. "అబా భేష్ అని రాశాక నేనెలా అంటాను తెహ్? నా చెయ్యి బాగాలేదేమో అనుకున్నాను."

తరవాతి రెండిళ్ళలోనూ ఇదే కథ. ఒకరు రెండు చిన్నవి జంటగా అతికారు. ఒకరు చార్జరే మార్చేసి, పాతదాన్ని ఆమె కంట పడకుండా సొరుగులో పడేశారు. నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆమె తప్పును దిద్దుకున్నారు. నలుగురూ సంఘం గ్రూపులో భేష్ అని రాశారు. మా బాండుంగ్ వాళ్ళకు ఎదుటివాడి మొహం మీద బాగాలేదు అనడం చేతకాదు. మొహమాటం మాకు తల్లిపాలతో వచ్చిన జబ్బు.

ఐదో నమూనా తీసుకున్న మనిషికి ఆ జబ్బు లేదు. ఇనాంగ్ రోస్మైదా బతక్ జాతి ఆడమనిషి, దూరదీవిలోని మేదాన్ నుంచి వచ్చి స్థిరపడింది. వాళ్ళలో ఇనాంగ్ అంటే అమ్మ. బాతులు పెంచుతుంది, గుడ్లు పొదిగే పెట్టెలు తనే చేసుకుంటుంది. పోయిన నెల ఆమె గ్రూపులో రాసింది: "నీ మిణుగురు నా గుడ్లను చంపింది. కరెంటు కుంగినప్పుడల్లా చచ్చి పుడుతోంది, చచ్చి పుడుతోంది. దీన్ని జనానికి ఇవ్వకు." దాని కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి రెంగ్గానిస్ జవాబు రాసింది: "ఇనాంగ్, దయచేసి మీ చార్జర్ ఒకసారి చూసుకోండి." ఎవరో నవ్వే బొమ్మలు పెట్టారు. బాతులావిడకు కంప్యూటరెందుకు అన్నారింకెవరో. రోస్మైదా ఊరుకోలేదు, మీ నోళ్ళలో ఏముందర్రా అని తిట్టింది. మాట తీరు నేర్చుకున్నాక రావచ్చునని అబా ఆమెను గ్రూపులోంచి తీసేశాడు.

ఆ రోజు హమ్మయ్య అనుకున్న సంగతి రెంగ్గానిస్‌కు వానలో ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఇంటికి రాగానే తల్లి ఫోన్ చార్జర్ గోడ నుంచి పీకింది. బజారు మలుపులో బుట్టలో పోసి అమ్మే రకం. తీగ సన్నగా, పొడుగ్గా, మూడు చోట్ల చుట్టుకుని ఉంది. కొత్త పెట్టె విప్పి అందులోని బోర్డుకు తగిలించింది. తెర మీద మిణుగురు బొమ్మ వచ్చింది, సగం వెలిగింది, ఆరిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆరింది. ఇంకో పెట్టె విప్పింది. ఇంకోటి.

"ఏమైందే? దీపాల పండగ చేస్తున్నావా?" అంది వంటింటి గుమ్మంలోంచి అంబు, ఆమె తల్లి.

"ఏం లేదు అంబూ. చూస్తున్నా."

రెంగ్గానిస్‌కూ ఆ జబ్బే.

*

శుక్రవారం పొద్దున మళ్ళీ అబా దగ్గరికే వెళ్ళింది. ఆయన రేడియో పక్కన కూర్చుని ఆదివారం ఎవరి తరవాత ఎవరు మాట్లాడాలో ఆలోచిస్తున్నాడు.

"వాయిదా వేద్దాం అబా. నా బోర్డులో తప్పుంది. చార్జర్లది కాదు."

"హాలు మాట్లాడేశాం నెంగ్. పేట పెద్ద వస్తున్నాడు. గారుత్ వాళ్ళు వ్యాన్ కట్టుకుని వస్తున్నారు. ఇప్పుడు వద్దంటే వాళ్ళ మొహాలెలా చూస్తాం?"

"ఉన్న మాట చెబుతాను."

"చెప్పి?" ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నీ రెండేళ్ళ కష్టం వాళ్ళ ముందు నువ్వే బురదలో పారేస్తావా? ఆదివారం గడవనీ. నేను మంచి చార్జర్ తెచ్చి పెడతాను, అది నడుస్తుంది. తరవాత ఎవరిది వాళ్ళు సర్దుకుంటారు. మేం సర్దుకోలేదూ?"

"మీకు చేతనవుతుంది అబా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు? నది గట్టు పేట సైరన్ల సంగతేంటి? వానొస్తే అక్కడ కరెంటు కుంగుతుంది. సైరన్ కావాల్సింది అప్పుడే."

"వాటికి నేనే కూర్చుని ఒక్కోటీ అతికిస్తాలే తల్లీ," అన్నాడాయన. ఆ మాట మనసులోంచే వచ్చింది. డెబ్బై దాటిన కళ్ళతో, వణికే చేత్తో నిజంగానే అతికిస్తాడు. ఆయన తిట్టి ఉంటే ఎదురు తిరిగేది. అంత ప్రేమగా అనేసరికి ఏం చెయ్యాలో తెలియక చెయ్యి ముద్దు పెట్టుకుని వచ్చేసింది.

శుక్రవారం మిగిలిన పగలంతా, శనివారమంతా పెట్టెలు విప్పింది. బజారులో దొరికిన పెద్ద కెపాసిటర్లన్నీ తెచ్చింది. ఒక్కో బోర్డునూ పట్టుకారులో బిగించి, పాతదాన్ని వేడి చేసి ఊడబెరికి, కొత్తదాని కాళ్ళు వంచి అతికించింది. చిన్న చోటు, పక్కనే జుట్టంత సన్నని తీగలు. తొందరలో రెండు బోర్డులు మాడ్చేసింది. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి. బాగుపడ్డవి పెట్టెలో పట్టలేదు. మూత ఉబ్బి నిలబడింది, ఎంత నొక్కినా దిగలేదు. ఆ మూత మీద అందంగా అచ్చువేయించిన మాట ఉంది: జేబులో మిణుగురు. శనివారం పొద్దు వాలేసరికి బాగుపడ్డవి ఒక వరస, అంతే. మిగతావి గోడలాగా అలాగే ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ ఆపి నేల మీద కూలబడి ఏడ్చింది. తల్లి వినకుండా చొక్కా చేతిని నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

లేచాక మొహం కడుక్కుని, అబా పంపిన మంచి చార్జర్‌ను సంచిలో పెట్టుకుంది. ఒక్క పూట. ఒక్క పూట గడిస్తే చాలు, తరవాత సంగతి తరవాత అనుకుంది.

*

ఆదివారం తెల్లవారగానే తల్లీ కూతుళ్ళు తుంపెంగ్ వండారు. కొత్త పని ఏది మొదలెట్టినా మాకు ఆ పసుపన్నం గోపురం లేకుండా జరగదు. కొబ్బరిపాలలో పసుపు, నిమ్మగడ్డి, ఉప్పు వేసి రెంగ్గానిస్ గరిటెతో తిప్పుతోంది. కళ్ళు పాల మీద ఉన్నాయి, మనసు సంచిలోని చార్జర్ మీద ఉంది.

"ఉప్పేశావా?" అంది తల్లి కడిగిన బియ్యం నీళ్ళు వంపుతూ.

"ఆఁ? లేదనుకుంటా," అని ఇంకో గుప్పెడు వేసి కలిపింది.

ఉడికిన అన్నాన్ని గోపురం బుట్టలో కూరి అణిచారు, వెదురు పళ్ళెం మీద అరిటాకు పరిచి బోర్లించారు. బుట్ట తియ్యగానే పసుపుపచ్చగా, నిటారుగా నిలబడింది. చుట్టూ వేయించిన కోడి, గుడ్లు, బీన్స్, మిరపకాయ పచ్చడి సర్దారు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని హాలుకు నడిచారు.

హాలు నిండింది. గారుత్ వ్యాన్ కూడా వచ్చింది. బల్ల మీద నాలుగు నమూనాలు వెల్లకిలా, అతుకులు కనబడకుండా పెట్టి ఉన్నాయి. ఆ పని ఎవరు చేశారో అడగక్కర్లేదు. అబా కొత్త బాతిక్ అద్దకం చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. మన పిల్ల చేసిన బోర్డు అన్నాడు, మన గాలీ మన వానా ఎరిగిన బోర్డు అన్నాడు. నది గట్టు పేటకు ఇకనుంచి ఇదే కాపలా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక రెండో వరసలోంచి నది గట్టు పేట ఆడమనిషి ఒకామె లేచింది. చంకలో చంటిపిల్ల నిద్రపోతోంది.

"నాకు ఈ కంప్యూటర్లు తెలీవు తెహ్. ఒక్క మాట అడుగుతాను. పోయినేడు నీళ్ళొచ్చినప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, మంచం తడిశాక లేచాం. ఇది వాన్లో మోగుతుందా?"

అందరూ రెంగ్గానిస్ వైపు చూశారు. ఆమె చెయ్యి సంచిలో, మంచి చార్జర్ మీద ఉంది. మోగుతుంది అంటే చాలు. నోరు కూడా తెరిచింది. ఆ ఆడమనిషి కళ్ళు మాత్రం ఆమె మొహం మీంచి కదలడం లేదు.

సంచిలోంచి చెయ్యి తీసింది. గోడ వారకు నడిచి, తల్లి తన ఫోన్‌కు పెట్టుకున్న చార్జర్ ఊడదీసి తెచ్చింది. అప్పుడే పెట్టె విప్పిన బోర్డుకు దాన్ని తగిలించింది. గోడ మీది తెల్లగుడ్డ మీద మిణుగురు నిలువెత్తు వచ్చింది, సగం వెలిగింది, ఆరిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆరింది.

"ప్రొజెక్టర్ తీగ వదులైనట్టుంది," అన్నారెవరో.

"హాలు కరెంటు ఎప్పుడూ ఇంతే," అన్నాడు పేట పెద్ద, తన హాలునే తిట్టుకుంటూ.

చెచెప్ పరిగెత్తుకొచ్చాడు. "ఇదిగో తెహ్, నా చార్జర్ పెట్టండి."

"వద్దు కాంగ్. అలాగే ఉంచండి, అందరూ చూడనీ." "తీగదీ కాదు, కరెంటుదీ కాదు. బోర్డు నాది, తప్పు నాది. పెట్టెలో పట్టాలని పెద్ద కెపాసిటర్ తీసేశాను. అమ్మా, ఇది వాన్లో మోగదు. అవసరానికి మోగదు. పోయిన నెల ఇనాంగ్ రోస్మైదా ఈ మాటే అంటే ఆమెను బయటికి పంపాం. నేను నోరు మూసుకుని చూశాను."

బల్ల మీది నమూనాలను ఒక్కొక్కటే బోర్లా తిప్పింది. అబా వాటి వంక చూడలేదు. తన చెప్పుల వంక చూసుకున్నాడు.

జనం అరిచినా బాగుండేది. ఎవరో దగ్గారు, ఎవరో కుర్చీ జరిపారు. ముందు భోంచేద్దాం అన్నాడు పేట పెద్ద. గోపురం కొసను కోసి సభలో పెద్దవాళ్ళకు ఇవ్వడం ఆచారం. అబా అలవాటుగా చెయ్యి తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నాడు. రెంగ్గానిస్ కత్తితో కొస కోసింది, పక్కన కోడికాలు పెట్టింది, దాన్ని అరిటాకులో చుట్టి పుల్ల గుచ్చింది. అబా చెయ్యి మెల్లగా ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆమె ఆ పొట్లాన్ని తన సంచిలో పెట్టుకుంది.

జనం తిన్నారు. బ్రహ్మాండంగా ఉంది అన్నారు. అంబు చేతి వంట అంటే అంబు చేతి వంటే అన్నారు. పోతూ పోతూ ఆమె చేతులు పట్టుకుని, చాలా బాగా జరిగింది, మళ్ళీ వస్తాం అన్నారు. బోర్డు పెట్టె ఒక్కటి కూడా బల్ల మీంచి కదల్లేదు.

*

ఆ సాయంత్రం రోస్మైదా ఇంటి ముందు బాతులు బురదలో ముక్కులు పెట్టి వెతుక్కుంటున్నాయి. ఆమె మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని తవుడు కలుపుతోంది. రెంగ్గానిస్‌ను చూసి లేవలేదు.

"చార్జర్ చూసుకున్నాను," అంది. "బాగానే ఉంది. ఇంకేమైనా చూసుకోవాలా?"

"తప్పు నాదే ఇనాంగ్. ఇవాళ అందరి ముందూ చెప్పాను."

"ఇవాళ చెప్పావు. నా గుడ్లు పోయిన నెల చచ్చాయి." తవుడు చేతులు బాల్చీ అంచుకు రాసింది. "నన్ను తిట్టుంటే నాకు కోపం రాకపోను. చేతులు జోడించిన బొమ్మ పెట్టావు చూడు, తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే అదే."

రెంగ్గానిస్ తల వంచుకుంది.

రోస్మైదా లోపలికి వెళ్ళి చిన్న ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆమె ముందు అరుగు మీద పడేసింది. అందులో ఐదో నమూనా ఉంది. రెంగ్గానిస్ వెనక్కి తిప్పి చూసింది. అతుకు లేదు. తను ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"మీరు బాగుచెయ్యలేదా?"

"నాకు రాకనా? చిటికెలో పని. బాగుచేసేస్తే నీకెలా తెలుస్తుందే నీ తప్పు? అందుకే అలా ఉంచా, నువ్వొస్తావని. ఇంత ఆలస్యంగా వస్తావనుకోలేదు," అంది. "మీ వాళ్ళంతా సర్దేసుకున్నారా? సర్దుకుంటారు. మొహమాటానికి పోతే కడుపైందట వెనకటికెవత్తెకో. నీకు మూడు వందల బోర్డులయ్యాయి. ఆ పొట్లమేంటి?"

రెంగ్గానిస్ రెండు చేతులా అందించింది. పుల్ల తీసి చూసి, అది గోపురం కొస అని గుర్తుపట్టి రోస్మైదా తవుడు బాల్చీ పక్కకు జరిపింది. అరుగు మీద కూర్చుని, కడుక్కున్న చేత్తో ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"ఓరి దేవుడో. ఉప్పు! అన్నం వండారా, చేపలు ఎండబెట్టారా? ఇంతమంది తిన్నారు గదా, ఎవరూ అన్లేదా?"

రెంగ్గానిస్ చెయ్యి చాచి నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. నాలుక చుర్రుమంది. పొద్దున తల్లి అడిగిన మాట, తను వేసిన రెండో గుప్పెడు గుర్తొచ్చాయి. హాలు నిండా జనం అడిగి మరీ మారు వడ్డించుకుని, బ్రహ్మాండం అంటూ ఈ అన్నమే తిన్నారు. నది గట్టు ఆమె కూడా తిన్నది.

"అన్లేదు ఇనాంగ్," అంది. నవ్వబోయింది, ఏడుపొచ్చింది. ఈసారి చొక్కా చేతిని నోట్లో కుక్కుకోలేదు.

రోస్మైదా ఓదార్చలేదు. నీళ్ళ చెంబు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, కోడికాలు కొరికి, అది మాత్రం బాగుందంది.